తపతీతీరమున నిల్వచేసిన వెలుగు

సూరతు నగరమునకు పూర్వము సూర్యపురమను పేరుండెనని జనశ్రుతి కలదు. ఆ నగరమును ఒరసికొని పశ్చిమసముద్రమున కలియు తాపీనది సూర్యుని కూతురని పురాణములు చెప్పుచున్నవి. మహాభారతము ఆదిపర్వమున ఆమె తపతి. సంవరణుడను రాజును పెండ్లాడి కురువునకు తల్లి యయ్యెను. నన్నయభట్టు ఆ కథను తెనిగించిన నాటి నుండి ఆమె పేరు తెలుగువారికి పరిచితమే. తండ్రి పేరు నగరమునకును, కూతురి పేరు నదికిని గల ఈ చోట ఎండకు కొరత లేదని వేరుగ చెప్పనక్కరలేదు. కొరత సాయంకాలమునకే. పగలు మేడమీద కురిసిన వెలుగును రాత్రి గదిలోనికి దింపుకొనుట ఎట్లు? ఈ ప్రశ్న నూట యేబది సంవత్సరములకు పైగా రసాయనవేత్తలను వేధించినది. ఇప్పుడు సామాన్య గృహస్థుని గడపలోనికి వచ్చి నిలిచినది.

సూరతువారికి నిల్వ యను విద్య కొత్తది కాదు. వాన నాలుగు నెలలును, ఎండ ఎనిమిది నెలలును గల దేశమున నీటిని దాచుకొనుట ప్రాణావసరము. 16వ శతాబ్ది ఆరంభమున మలిక్ గోపి యను సంపన్నుడు త్రవ్వించిన తటాకము గోపీతలావ్ అను పేర నేటికిని నగరమున ఉన్నది. మొగలు చక్రవర్తుల కాలమున మక్కాయాత్రికుల ఓడలు ఈ రేవు నుండియే బయలుదేరుచుండెను. ఆంగ్లేయులు, డచ్చివారు, ఫ్రెంచివారు ఇచట కోఠీలు కట్టుకొని నూలుబట్టలను, నీలిమందును ఓడలు వచ్చువరకు గిడ్డంగులలో నిల్వయుంచిరి. నిల్వ యుంచిన ప్రతి సరకునకును నాలుగు ఖర్చులున్నవని వర్తకుడు ఎరుగును. మొదటిది అది ఆక్రమించు చోటు. రెండవది దాచినదానికిని, తిరిగి తీసినదానికిని మధ్య కలుగు తరుగు. మూడవది గిడ్డంగి యొక్క ఆయువు. నాలుగవది అపాయము. విద్యుత్తును దాచు పెట్టెలను పోల్చి చూచుటకు కూడ ఈ నాలుగు కొలతలే చాలును.

నాలుగవ ఖర్చు ఎంతటిదో ఆ నగరమునకు 1837లో తెలియవచ్చెను. ఆ సంవత్సరము ఏప్రిలు 24వ తేదీన ఒక పారసీ గృహస్థుని ఇంట కాగుచున్న తారుపాత్ర ఒరిగి నిప్పంటుకొనెను. ఇరుకు వీధులు, కలపతో కట్టిన ఇండ్లు, వేసవి గాలి, ఈ మూడును కూడి మంటను రెండు దినములకు పైగా ఆరనీయలేదు. తొమ్మిదివేలకు పైగా ఇండ్లు భస్మమయ్యెను. ఆ సంవత్సరమే వర్షకాలపు చివర తపతి పొంగి నగరమును ముంచెను. ఇంటిలో శక్తిని దాచుకొనువాడు అగ్నిని, జలమును రెంటిని తలచుకొనవలెనని ఈ నగరచరిత్ర నేర్పిన పాఠము. ఆ పాఠమునకు మరల రావలసి యుండును.

విద్యుత్తును నిల్వచేయు కథ ఐరోపాలో ఆరంభమైనది. 1800లో ఇటలీ దేశస్థుడు అలెస్సాండ్రో వోల్టా రాగి, యశదపు బిళ్లలను ఉప్పునీట తడిపిన గుడ్డలతో దొంతరగా పేర్చి నిరంతర విద్యుత్ప్రవాహమును సాధించెను. కాని ఆ దొంతర ఒకసారి ఖర్చయిన పిదప మరల నిండునది కాదు. అది ఊట గల బావి కాక, పగులగొట్టి త్రాగెడి కొబ్బరికాయ వంటిది. మరల నింపదగిన మొదటి ఘటమును 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే నిర్మించెను. రెండు సీసపు రేకుల నడుమ పట్టీ లుంచి, చాప వలె చుట్టి, గంధకామ్లమున ముంచుటయే ఆ నిర్మాణము. లోపలికి విద్యుత్తును పంపినప్పుడు ఒక రేకుపై సీసపు ఆక్సైడు ఏర్పడును, రెండవది శుద్ధసీసముగా నిలుచును. వాడుకొనునప్పుడు రెండును ఆమ్లముతో కలిసి సీసపు సల్ఫేటుగా మారును. మరల విద్యుత్తు నిచ్చినచో వెనుకటి రూపమును పొందును. 1881లో కమిల్ ఫోర్ రేకులకు సీసపు ఆక్సైడు ముద్దను పూసి, ఘటముయొక్క శక్తిని ఎన్నో రెట్లు పెంచెను.

ఆ సంవత్సరముననే ఒక చిత్రమైన ప్రయాణము జరిగెను. ఫోర్ ఘటములను నింపి పారిసు నుండి స్కాట్లండులోని గ్లాస్గో నగరమునకు పెట్టెలో పంపిరి. అచ్చట విలియం థామ్సన్, తరువాతి కాలపు కెల్విన్ ప్రభువు, పెట్టెను అందుకొని, 72 గంటల ప్రయాణానంతరము కూడ అందు పది లక్షల అడుగు-పౌనుల శక్తి ఉన్నదని లోకమునకు తెలిపెను. నేటి లెక్కలో అది ఒక యూనిట్ విద్యుత్తున మూడవవంతు కంటె కొంచెమే ఎక్కువ. అయినను ఆ వార్త ఐరోపాను ఆశ్చర్యపరచెను. వెలుగును మూటగట్టి ఒక దేశము నుండి వేరొక దేశమునకు పంపవచ్చునని మనుష్యులు మొదటిసారి గ్రహించిరి.

ఇంటింట నిల్వ అను భావము పుట్టినది తీగలు లేని చోట. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన డెల్కో-లైట్ అను గృహయంత్రము 1916లో విపణికి వచ్చెను. ఒక చిన్న ఇంజను, 32 వోల్టుల సీసపు బ్యాటరీల వరుస, ఇంతే దాని సామగ్రి. పట్టణములకు దూరముగ నున్న రైతులు దానితో దీపములు వెలిగించుకొనిరి. 1936లో అచ్చటి ప్రభుత్వము గ్రామీణ విద్యుదీకరణ శాసనము చేసి తీగలను పల్లెలకు నడిపించుటతో ఆ యంత్రముల అవసరము క్రమముగా తగ్గిపోయెను. తీగ రాక పూర్వము పుట్టి, తీగ రాగానే మరుగుపడిన గృహనిల్వను తిరిగి లేపినది సూర్యుడు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో సిలికాను సౌరఘటము తయారైన తరువాత ఇంటి మేడయే విద్యుత్కేంద్రము కాగలదని స్పష్టమయ్యెను.

సీసమునకు ప్రత్యర్థులు మొదటి నుండియు ఉన్నవి. 1899లో స్వీడను దేశస్థుడు వాల్డెమార్ యుంగ్నెర్ నికెలు-కాడ్మియము ఘటమును కనుగొనెను. కొంతకాలమునకు థామస్ ఎడిసన్ నికెలు-ఇనుము ఘటమును తెచ్చెను. విద్యుత్తుతో నడుచు బండ్లకై ఆయన దానిని ఉద్దేశించెను; కాని పెట్రోలు బండి గెలిచినది. ఎడిసన్ ఘటమునకు ఓర్పు ఎక్కువ. అధికముగ నింపినను, పూర్తిగ ఖాళీచేసినను, నెలల తరబడి వాడకున్నను అది చెడదు. ముప్పది సంవత్సరములకు పైబడి పనిచేసిన ఘటము లున్నవి. దాని లోపము తరుగు. నూరు పాళ్లు లోపలికి పోసినచో వెలికి వచ్చునది అరువది, అరువదియైదు పాళ్లకు మించదు. నింపునప్పుడు ఉదజని వాయువు వెలువడును, నీరు తరచుగ పోయవలెను. ఎండ ధారాళముగ నుండి, గాలియాడు వసారా గల పల్లెటింటికి అది తగును. కిటికీ లేని నగరపు గదికి తగదు.

సూరతున విద్యుత్తు చరిత్ర మగ్గముతో పెనవేసికొని యున్నది. జరీ, పట్టు, నూలు నేతలకు పేరొందిన నగరము గత శతాబ్దమున మరమగ్గముల నగరముగ మారెను. తెలుగువారికి ఈ నగరముతో గల సంబంధము కూడ మగ్గము మూలమున కలిగినదే. వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ ప్రాంతముల నుండి పద్మశాలి కుటుంబములు వలసవచ్చి లింబాయత్, ఉధనా మొదలగు పేటలలో స్థిరపడినవి. సూరతు పురపాలక సంఘము నడుపు ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్ల మాధ్యమములతో పాటు తెలుగు మాధ్యమము కూడ ఉండుట ఆ వలసకు సాక్ష్యము. పన్నెండు గంటల చొప్పున పగలొక పాళి, రాత్రి యొక పాళి మగ్గములు నడచుట ఇచట వాడుక. అందుచేత ఇచట రాత్రికి విద్యుత్తు కావలయునని అన్నప్పుడు అది రెండు వేరువేరు విషయములను సూచించును: ఒకటి జీవనోపాధి, రెండవది నిద్ర.

ఈ భేదమును లెక్కతో చూచుట మేలు. ఒక అశ్వశక్తి మోటారు గల మరమగ్గము పన్నెండు గంటలు నడచుటకు సుమారు 9 యూనిట్లు కావలెను. ఇండ్లలో వాడుకగ నుండు 12 వోల్టుల, 150 ఆంపియరు-గంటల సీసపు బ్యాటరీ పేరునకు 1.8 యూనిట్లను పట్టును. కాని సగము కంటె లోతుగ ఖాళీచేసిన కొలది దాని ఆయువు క్షీణించును గనుక నిత్యము వాడుకొనదగినది 0.9 యూనిట్ మాత్రమే. కావున ఒక్క మగ్గమునకు ఒక్క రాత్రికి పది బ్యాటరీలు కావలెను. వాని బరువు అర టన్నును మించును. అదే నేతగాని గదిలో ఒక పంకా, రెండు దీపములు రాత్రి పది గంటలు పనిచేయుటకు సుమారు ఒక యూనిట్ చాలును. మగ్గమును నడుపుట నగరపు తీగల పని; గదిని చల్లబరచుట చిన్న పెట్టెకు కూడ సాధ్యమే.

ఆ ఒక్క యూనిట్ ఎంత బరువైనదో తెలియవలెనన్న నీటితో పోల్చి చూడవచ్చును. పది మీటర్ల ఎత్తు గల మేడమీదికి నీటిని ఎక్కించి, దానిని దించునప్పుడు విద్యుత్తును రాబట్టదలచినచో, తరుగు లేశమును లేదనుకొన్నను, ఒక యూనిట్ కొరకు 36,700 లీటర్ల నీరు కావలెను. ఏ ఇంటి కప్పును అంత నీటిని మోయజాలదు. నదిని కొండల నడుమ ఆపినప్పుడే ఆ లెక్క గిట్టుబాటగును. తపతిపై 1972లో పూర్తియైన ఉకాయి ఆనకట్ట అట్టి నిల్వయే. దాని జలవిద్యుత్కేంద్రపు సామర్థ్యము 300 మెగావాటులు. తెలుగునేలపై శ్రీశైలము ఎడమగట్టు కేంద్రమునందు నీటిని క్రిందికి విడుచుటయే గాక, మరల పైకి తోడి దాచు ఏర్పాటు కూడ ఉన్నది. ఇవి రాజ్యముల నిల్వలు. ఇంటి నిల్వకు రసాయనమే శరణ్యము.

భారతదేశమున ఆ రసాయనము చిరకాలము సీసమే. విద్యుత్తు కోతలు నిత్యకృత్యమైన దశాబ్దములలో మధ్యతరగతి ఇంట ఇన్వర్టరు, దాని ప్రక్క నల్లని బ్యాటరీ, నెలకొకసారి స్వేదనజలము పోయుట కుటుంబధర్మములలో చేరినవి. 1985లో స్థాపితమైన అమరరాజా సంస్థ రాయలసీమలో ఈ పరిశ్రమను పెంచెను. హైదరాబాదు నగరమున హెచ్.బి.ఎల్. సంస్థ సీసముతోబాటు నికెలు-కాడ్మియము ఘటములను కూడ తయారుచేయుచున్నది. సీసపు బ్యాటరీకి మూడు సుగుణములు: కొనునప్పుడు వెల తక్కువ, బాగుచేయువాడు ప్రతి వీధిలో దొరకును, పాతబడిన పిదప లోహము దాదాపు అంతయు తిరిగి వచ్చును. ఈ మూడవ గుణమునందే దాని దోషము దాగి యున్నది. పాత బ్యాటరీని నియమబద్ధమైన కర్మాగారమున కరగించినచో మేలు. పేదవాడల పెరటిలో పగులగొట్టి కరగించినచో సీసపు పొగ పిల్లల రక్తమున చేరును. ప్రపంచమున ప్రతి ముగ్గురు పిల్లలలో ఒకరి రక్తమున, అనగా సుమారు 80 కోట్ల పిల్లలలో, హానికరమైన సీసము ఉన్నదని 2020లో ఐక్యరాజ్యసమితి బాలల నిధి ప్రకటించినది. అందులకు చెప్పిన కారణములలో బ్యాటరీల అక్రమ పునశ్శోధన ముఖ్యమైనది. పాత బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యతను తయారీదారులపై నుంచు నియమములను భారత ప్రభుత్వము 2001లోను, విస్తృతరూపమున 2022లోను చేసినది.

సీసమునకు వేడిమి కూడ శత్రువే. 25 డిగ్రీలకు పైన ప్రతి ఎనిమిది, పది డిగ్రీలకును దాని ఆయువు సుమారుగ సగమగును. సూరతు వేసవిలో రేకుల కప్పు క్రింద నుంచిన బ్యాటరీ రెండు మూడేండ్లలోనే నీరసించుట ఇందువలననే.

లిథియము కథ 1970 తరువాత మొదలైనది. స్టాన్లీ విటింగ్‌హామ్ మార్గము చూపెను; 1980లో జాన్ గుడెనఫ్ బృందము లిథియము-కోబాల్టు ఆక్సైడును కనుగొనెను; 1985లో జపానున అకిరా యోషినో దానికి కర్బనపు రెండవ ధ్రువమును జోడించి సురక్షితరూపము నిచ్చెను; 1991లో సోనీ సంస్థ విపణిలో ప్రవేశపెట్టెను. ఈ మువ్వురకును 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. ఇందు సీసము వలె పదార్థము రూపుమారదు. మిక్కిలి తేలికయైన లిథియము అయానులు ఒక ధ్రువపు పొరల నుండి వేరొక ధ్రువపు పొరలలోనికి పోవుచు వచ్చుచు నుండును. మగ్గమున నాడె అటునిటు పరుగిడినట్లే ఈ రాకపోకలు. పొరలు చెడనంత కాలము ఘటము జీవించును.

కాని కోబాల్టు గల ఘటము అతిగ వేడెక్కినప్పుడు తనలోని ప్రాణవాయువును తానే విడుచును. మంటకు కావలసిన ఇంధనము, ప్రాణవాయువు రెండును ఒకే పెట్టెలో నున్నప్పుడు బయటి గాలిని అడ్డగించి నంతమాత్రమున అది ఆరదు. 1997లో గుడెనఫ్ ప్రయోగశాలలో భారతీయుడైన అక్షయ పాఢి, సహచరులు మరియొక పదార్థమును ప్రకటించిరి: లిథియము-ఇనుము-ఫాస్ఫేటు. ఫాస్ఫేటులో ప్రాణవాయువు గట్టిగ బంధింపబడి యుండును, తేలికగ విడివడదు. ఇందు కోబాల్టు లేదు, నికెలు లేదు. బరువునకు తగిన శక్తి కొంత తక్కువ. కాని ఇల్లు పరుగెత్తునది కాదు గనుక ఇంటికి ఆ లోపము లెక్కలోనిది కాదు. అందుచేతనే గృహనిల్వకు నేడు ఎక్కువగ వాడుచున్నది ఈ రకమే. సీసపు బ్యాటరీ కిలోగ్రాముకు 30 మొదలు 40 వాటు-గంటలు దాచగా, ఇది నూరు, అంతకు పైన దాచును. నూరు పాళ్లలో 90కి పైగా తిరిగి ఇచ్చును. లోతుగ వాడినను మూడు నాలుగువేల పర్యాయములు నిండి ఖాళీ కాగలదు.

వెలను ఆయువుతో కలిపి చూడవలెనను మాటకు ఇచట అర్థము తెలియును. నిత్యము 0.9 యూనిట్ ఇచ్చు సీసపు బ్యాటరీ వేయి పర్యాయములు పనిచేసినచో మొత్తము 900 యూనిట్లు ఇచ్చును. అంతే ఇచ్చు లిథియము-ఇనుము-ఫాస్ఫేటు పెట్టె నాలుగువేల పర్యాయములు పనిచేసినచో 3,600 యూనిట్లు ఇచ్చును. కొనునప్పుడు నాలుగు రెట్లు వెల పెట్టినను రెండును సమమే. అంతకు తక్కువకు దొరికినచో లిథియమే చౌక. అయితే నాలుగు రెట్లు ఒక్కసారి చెల్లింపగలవానికే ఆ చౌక అందును. దినకూలి గలవాడు చేతిలోని సొమ్మునుబట్టి సీసమునే కొనును. చివరకు ఎక్కువ చెల్లించును. దరిద్రుడు అన్ని సరకులను ప్రియముగ కొనుట లోకరీతి. విద్యుత్తు అందులకు మినహాయింపు కాదు.

ఇనుము-ఫాస్ఫేటు సురక్షితమన్నది పోలికలో నిజము. అపాయము శూన్యమని కాదు. నాసిరకపు ఘటములు, సరిపడని ఛార్జరు, గాలియాడని చోటు కలిసినచో ఏ లిథియము పెట్టెయైనను ప్రాణాంతకము కాగలదు. 2022 సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికింద్రాబాదున విద్యుత్ ద్విచక్రవాహనముల విక్రయశాలలో పుట్టిన మంట, పొగ పైనున్న వసతిగృహమును క్రమ్మి 8 మంది ప్రాణములు గొనెను. సూరతున 2019 మే 24వ తేదీన సర్థాణాలోని ఒక వాణిజ్యభవనమున జరిగిన అగ్నిప్రమాదమున 22 మంది యువతీయువకులు మరణించిరి. అది బ్యాటరీల వలన జరిగినది కాదు; కాని పై అంతస్తు నుండి దిగుటకు దారి లేని భవనము ఎట్టిదో ఆ దినమున దేశమంతయు చూచెను. మెట్లక్రింద, ద్వారము ప్రక్కన బ్యాటరీ నుంచరాదను నియమము ఏ శాస్త్రగ్రంథమున లేకున్నను ఈ నగరపు అనుభవమే దానిని శాసించును.

లిథియము భారతదేశమునకు సులభమైన లోహము కాదు. 2023లో జమ్మూ ప్రాంతమున రియాసీ జిల్లాలో 59 లక్షల టన్నుల ఖనిజవనరు ఉండవచ్చునని భూగర్భశాస్త్ర శాఖ అంచనా వేసినది. అంచనాకును, గనికిని, లోహమునకును నడుమ దూరము చాల ఉన్నది. అందువలన శాస్త్రజ్ఞుల దృష్టి లిథియమునకు అన్నయగు సోడియముపై పడినది. భూమి పైపొరలో సోడియము లిథియము కంటె వేయిరెట్లకు పైగా లభించును. ఉప్పునందు బరువున నూటికి 39 పాళ్లు సోడియమే.

ఉప్పు అనగానే సూరతువానికి దండి జ్ఞప్తికి వచ్చును. 1930 మార్చి 12న సబర్మతి నుండి బయలుదేరిన గాంధీజీ సూరతు మీదుగ నడచి, ఏప్రిలు 6వ తేదీ ఉదయమున దండి సముద్రతీరమున పిడికెడు ఉప్పు ఎత్తెను. నాడు సూరతు జిల్లాలోనిదైన ఆ గ్రామము నేడు నవసారి జిల్లాలో నున్నది. దేశమున పండు ఉప్పులో అత్యధికభాగము గుజరాతు తీరమునదే. సామాన్యునికి అందుబాటులో నుండు పదార్థమును అతని హక్కుగ నిలుపుట ఆనాటి ఉద్యమసారము. సోడియము ఘటము కూడ అట్టి వాగ్దానముతోనే వచ్చుచున్నది. అందలి పొరల రాకపోకలు లిథియము ఘటమున వలెనే; రాగికి బదులు చౌకయైన అల్యూమినియము వాడవచ్చును; పూర్తిగ ఖాళీచేసి రవాణా చేయవచ్చును. ఇంగ్లండులోని షెఫీల్డున 2011లో నెలకొల్పిన ఫారడియన్ సంస్థను 2022లో రిలయన్సు సంస్థ కొనుట, 2021లో చైనాలోని సి.ఎ.టి.ఎల్. సంస్థ తన సోడియము ఘటమును ప్రకటించుట, హైదరాబాదులోని ఏ.ఆర్.సి.ఐ. పరిశోధనాలయమున ఈ పదార్థములపై కృషి జరుగుట, ఇవి దాని పురోగతికి గుర్తులు. అయితే సోడియము అయాను లిథియము కంటె పెద్దది, బరువైనది. ఘటము కూడ ఆ మేరకు పెద్దదగును. చోటు గల ఇంటికి ఇది అడ్డంకి కాదు.

మరియొక మార్గము ద్రవమును దాచుట. 1980 తరువాతి సంవత్సరములలో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సు విశ్వవిద్యాలయమున మరియా స్కిల్లాస్-కజాకోస్ వెనేడియము ప్రవాహఘటమును రూపొందించెను. రెండు తొట్లలో వెనేడియము కలిసిన ఆమ్లద్రవము ఉండును. పంపులు దానిని పలుచని పొర కిరువైపుల ప్రవహింపజేయును. ఎక్కువ శక్తి కావలెనన్న తొట్టిని పెద్దది చేసిన చాలును. ఆ ద్రవము మండదు. పదివేల పర్యాయములకు పైగా పనిచేయును. కాని తొట్లు, పంపులు, గొట్టములు గల ఆ యంత్రము ఒక గదికి సరిపడదు, ఒక వీధికో, గృహసముదాయమునకో సరిపడును. తరుగు కూడ లిథియము కంటె అధికము.

అసలు నిల్వయే అక్కరలేని ఉపాయము ఒకటి కలదని చెప్పుదురు. పగటి మిగులును నగరపు తీగలకు అప్పగించి, రాత్రి తిరిగి తీసికొనుట. 2019 జనవరి 30న దండిలో ఆవిష్కృతమైన ఉప్పు సత్యాగ్రహ స్మారకమున 41 సౌరవృక్షములు ఈ పద్ధతిని అనుసరించి తీగకు విద్యుత్తు నిచ్చుచున్నవి. మేడలపై సౌరఫలకలు గల గుజరాతు గృహస్థులలో అత్యధికులు చేయుచున్నదియు ఇదియే. 2003లో ఆరంభమైన జ్యోతిగ్రామ యోజన పిమ్మట ఆ రాష్ట్రమున కోతలు తగ్గినవి గనుక తీగపై నమ్మకము కలిగినది. కాని తీగ గాదె కాదు. అది బాట మాత్రమే. ఒకరు పగలు ఇచ్చిన విద్యుత్తును అప్పుడే వేరొకరు వాడుకొందురు. అందరును పగలు ఇచ్చి రాత్రి అడిగినప్పుడు ఎవరో ఎక్కడనో బొగ్గు మండింపవలెను, నీరు విడువవలెను, లేదా కాక్రాపార వంటి అణుకేంద్రముపై ఆధారపడవలెను. ఇంటివాడు దాచని భారమును రాజ్యము మోయును.

తీగ తెగిన దినము కూడ సూరతు చూచినది. 2006 ఆగస్టున ఉకాయి జలాశయము నిండి, తొమ్మిది లక్షల క్యూసెక్కుల వరకు నీరు విడువవలసి వచ్చెను. నగరమున అత్యధికభాగము మునిగెను. చీకటి దినముల తరబడి తొలగలేదు. మేడమీది పేటికలో నిల్వ యున్న ఒక్క యూనిట్ అట్టి రాత్రి రోగికి పంకా, బిడ్డకు దీపము, బంధువులకు వార్త కాగలదు. నేల అంతస్తున ఉంచిన పేటిక ఏ రసాయనముతో చేసినదైనను బురదపాలే. సామాన్యపు సౌరఫలకల అమరిక, తీగ చచ్చినప్పుడు, మరమ్మతు చేయువారి ప్రాణరక్షణకై తానును ఆగిపోవును. బ్యాటరీ, తగిన ఇన్వర్టరు ఉన్నప్పుడే అది ఒంటరిగ పనిచేయును. ఎండ కాయుచుండగా చీకటిలో కూర్చుండుట అనెడి వింత ఇందువలన కలుగుచున్నది.

వర్తకుని నాలుగు కొలతలతో మొత్తమును తూచినచో తీర్పు ఇట్లుండును. చోటు విషయమున లిథియము మొదటిది, సోడియము రెండవది. సీసము, వెనేడియము, నికెలు-ఇనుము వెనుకబడినవి. తరుగు విషయమున కూడ లిథియమే మేలు. ఆయువున వెనేడియము, నికెలు-ఇనుము ముందున్నవి. అపాయము విషయమున వెనేడియము అగ్నిభయము లేనిది. సీసము ఇంటిలో నున్నంతకాలము సాధువు, వాడల పెరళ్లకు చేరిన నాడు విషము. నిత్యము వాడు ఇంటికి నేడు లిథియము-ఇనుము-ఫాస్ఫేటు తగును. ఎప్పుడో ఒకనాడు కోత గల ఇంటికి సీసము చాలును. రేపు సోడియము ఈ రెంటి నడుమ తన స్థానమును సంపాదించుకొనవచ్చును.

ఈ తీర్పు అంతయు మేడ గలవాని కొరకు. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము కోటి ఇండ్లకు సౌరఫలకలు అమర్చు సంకల్పముతో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమును ఆరంభించినది. ఒక కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడు కిలోవాటులకు, ఆపైన 78,000 రూపాయలు సహాయముగ లభించును. ఆ సహాయము ఫలకల సామర్థ్యమును బట్టి లెక్కింపబడును. కప్పు స్వంతమైనవానికి ఇది వరము. లింబాయత్ పేటలో అద్దెగదిలో నుండు నేతగానికి కప్పు లేదు, ఫలక లేదు. కావున దాచుటకు మిగులును లేదు. రాత్రి పాళి ముగించి పగలు నిద్రించువానికి కావలసినది పగటి చల్లదనము. పగటి పాళి వానికి రాత్రి చల్లదనము. ఆ ఒక్క యూనిట్ ఎవరిదను ప్రశ్నకు ఏ ఘటమును సమాధానము చెప్పదు.

సమాధానపు ఛాయ గుజరాతులోనే వేరొక చోట కానవచ్చుచున్నది. సోలంకి రాజు భీమదేవుని కాలమున, 11వ శతాబ్దిలో, సూర్యదేవాలయము వెలసిన మొఢేరా గ్రామము 2022 అక్టోబరు 9న దేశమున అహోరాత్రములు సౌరవిద్యుత్తుతో నడుచు మొదటి గ్రామముగ ప్రకటింపబడినది. 1,300కు పైగా ఇండ్ల కప్పులపై ఒక్కొక్క కిలోవాటు ఫలకలు, సమీపమున 6 మెగావాటుల సౌరక్షేత్రము, వానితోబాటు 15 మెగావాటు-గంటల ఉమ్మడి బ్యాటరీ, ఇవి దాని అంగములు. అచట నిల్వ ఒక ఇంటి మూలన లేదు. ఊరి చెరువు వలె ఊరికంతకు ఒకటే. అగ్నిభయము నివాసములకు దూరముగ నుండును; వరదకు అందని ఎత్తున నిలుపవచ్చును; పాతబడిన ఘటములు పెరటి కొలుములకు పోక ఒకే చోటి నుండి తిరిగి చేరును. చోటు ఎక్కువ కోరు సోడియము, వెనేడియములకు కూడ అచట అవకాశము కలదు.

ఐదువందల ఏండ్ల క్రిందట మలిక్ గోపి తన పెరటిలో బావి త్రవ్వించుకొని ఊరకుండినచో ఆయన పేరు నేడు ఎవరికిని తెలిసియుండదు. దాచుటకు స్తోమత గలవాడు దాచలేనివాని దాహమును కూడ లెక్కలోనికి తీసికొనుట ఆ నగరపు పాత ధర్మము. నీటికి చెల్లిన ఆ ధర్మము వెలుగునకు చెల్లునా లేదా యనునది రసాయనశాలలలో తేలునది కాదు. పురపాలక సంఘముల ఆయవ్యయపట్టికలలోను, గృహసంఘముల తీర్మానములలోను, అద్దెగదుల యజమానుల మనస్సులలోను అది తేలవలసి యున్నది.